తువ్వాలు కింద వేళ్లు

ఈ ఊరి పేరులోనే గేదె ఉంది.
బఫెలో. ఫిబ్రవరి. సరస్సు గడ్డకట్టి
ఎవరూ సంతకం పెట్టని కాగితంలా పడుంది.

నా పని కూడికలు.
ఎవరి జీతం ఎంత, ఇంకా ఎన్నేళ్లు,
పన్ను గీతకి ఇవతల ఉన్నామా, కాలు అవతల పడిందా.
బంతి పట్టుకోవడం నాకు రాదు.
పట్టుకునే చేతుల ఖరీదు మాత్రం
చిల్లరతో సహా చెప్పగలను.

డెమెట్రిక్ హోల్‌కంబ్. ముప్పై మూడేళ్లు.
ఏడాదికి నాలుగు కోట్ల ముప్పై లక్షల డాలర్లు,
ఈ ఏడు కాక ఇంకో రెండేళ్లు.
ఎడమ మోకాలు రెండుసార్లు కోశారు.
కంసాలి అయితే తరుగు అని ఒక్క మాటలో తేల్చేవాడు,
మా డాక్టరు పషాల్స్కీ పదకొండు పేజీలు రాశాడు.

పడమటి తీరం నుంచి వచ్చిన బేరం:
అతనికి బదులు ముగ్గురు.
ఒకడికి ఇరవై రెండు. గాలిలో ఆగినట్టు ఎగురుతాడు,
ఎడమచేత్తో బంతి రెండుసార్లు కొట్టలేడు.
ఒకడు మధ్యరకం. మధ్యరకానికి
కోటీ అరవై లక్షలిచ్చే లోకం ఇది.
మూడోవాడు యూరిస్ కాల్నిన్ష్, లాత్వియా మనిషి,
నవంబరు నుంచి కోర్టు మీద కాలు పెట్టలేదు.
రెండు పక్కలా జీతాలు సరితూగాలి కదా,
అందుకు వస్తున్నాడు.
పడికట్టు రాయి.
తూకం అయ్యాక రాయిని ఎవరు ఇంటికి తీసుకెళ్తారు?
సోమవారం వదిలేస్తాం. ఆ గడి కూడా నింపేశాను.

కొసరు ఒకటుంది:
ఐదేళ్ల తర్వాతి డ్రాఫ్టులో మొదటి రౌండు పిక్.
ఆ పిల్లాడికి ఇప్పుడు పద్నాలుగు ఉంటాయి.
ఏ ఒహాయోలోనో, లాగోస్‌లోనో
లెక్కల హోంవర్కు ఎగ్గొట్టి నిద్రపోతున్నాడు,
బూట్ల సైజు ఇంకా పెరుగుతోంది.
వాణ్ని కూడా వేశాం తక్కెడలో.

బుధవారం రాత్రి పదకొండు,
జిమ్ వెనక పార్కింగ్.
నా కారు వైపర్ విరిగి పది రోజులు, అద్దం నిండా మంచు.
మోకాలికి ఐసు పెట్టుకుని బయటికొచ్చిన హోల్‌కంబ్
ఏమీ అనకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కుని
ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచాడు.
నాలుగు కోట్ల ముప్పై లక్షల మోచెయ్యి.
ఒక్కో ఊపుకి ఎంత పడుతుందో లెక్కేశాను. అలవాటు.
"వైపర్ మార్చుకో" అని వెళ్లిపోయాడు.
కుంటడం లేదు. కుంటాడా?
చీకట్లో తెలియలేదు.
తెలియాలనే చూశాను.

చిన్నప్పుడు పెబ్బేరు సంతలో
తువ్వాలు కింద రెండు చేతులు చూశాను.
పైన నోళ్లు వానల గురించి మాట్లాడుకుంటాయి,
కింద వేళ్లు ధర చెప్పుకుంటాయి.
పళ్లు చూపించీ చూపించీ విసిగిన ఎద్దు
పక్కకి తిరిగి గడ్డి నములుతుంది.

గురువారం గ్రెచెన్ ఫోనులో
వాళ్ల మేనేజరు కూతురి స్కీయింగ్ గురించి అడుగుతోంది.
బల్ల కింద నుంచి నేను అంకెల చీటీలు అందిస్తున్నాను.
రెండున్నర దాటింది. మూడింటికి తలుపులు మూస్తారు.
ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి
"నువ్వేమంటావ్?" అంది.

నా షీటులో పన్నెండు నిలువు వరుసలు.
పదమూడోది గీయొచ్చు,
పైన ఏమని రాయాలో తట్టలేదు.
"ఇచ్చేయండి" అన్నాను.
గొంతు మామూలుగానే వచ్చింది.

రెండు యాభై ఆరుకి అటువాళ్లే వెనక్కి తగ్గారు.
మోకాలి ఫొటోల్లో వాళ్ల డాక్టరుకి
ఇంకేదో కనపడిందట.
గ్రెచెన్ చల్లారిన సూపు నిలబడే తాగేసింది.
మూడు వేల మైళ్ల అవతల యూరిస్
పెట్టె సర్దుకోలేదు,
సర్దుకోవాల్సి వచ్చేదని వాడికి తెలియదు.

శుక్రవారం ప్రాక్టీసు. గీత పక్కన నన్ను చూసి ఆగాడు.
"మార్చావా వైపరు?"
"ఇంకా లేదు."
నవ్వి, ఎడమకాలు ముందు వేసి పరిగెత్తాడు.
మామూలు మనిషిలా చూద్దామనుకున్నాను.
మోకాలే చూశాను.